పరిగె ఏరుకుంటే పరువు పోతుందా?

ప్రశ్న: పిన్నిగారూ, మాది బోయిన్‌పల్లి. మా ఆయన ఉద్యోగం పోయి ఎనిమిది నెలలైంది. ఇప్పుడు బైక్ మీద పార్సిళ్లు వేస్తున్నారు. వచ్చేది అద్దెకీ పెట్రోలుకీ సరిపోతోంది. పక్క పోర్షన్‌లో ఉండే హమాలీ అన్న చెబితే కూరగాయల మార్కెట్‌కి వెళ్తున్నాను. పొద్దున అమ్మకాలు అయిపోయాక పక్కన పడేసిన టమాటాలు, క్యాబేజీ ఆకులు, విరిగిన క్యారెట్లు ఏరి సంచిలో తెచ్చుకుంటున్నాను. కూరల ఖర్చు చాలావరకు తగ్గింది. మొన్న మా అమ్మాయి క్లాస్‌మేట్ నన్ను అక్కడ చూసిందట. ఎనిమిదో తరగతి పిల్ల, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మా అత్తగారేమో "చెత్తలోవి తెచ్చి దేవుడికి నైవేద్యం పెడతావా" అంటున్నారు. నేను చేసేది తప్పా? అసలు అవి తినొచ్చా?
(పేరు వెయ్యొద్దన్న సోదరి)

జవాబు: అమ్మాయ్, నీ సంచి సంగతికి ముందు నా తట్ట సంగతి విను.

మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. వరి కోసి, కుప్ప వేశాక చేలో రాలిన కంకులు ఏరుకోవడాన్ని పరిగె ఏరడం అంటారు. కోత మిషన్లు వచ్చాక ఈ మాట పిల్లలకి తెలియడం లేదు. మాకు రెండెకరాల కౌలు ఉండేది, అయినా అమ్మ నన్ను తోలేది. కుప్ప పడేదాకా గట్టు దిగకూడదు, పడ్డాక ఎవరైనా దిగొచ్చు. మా వైపు వరి నిలబడి ఉండగానే మినుములు చల్లేస్తారు కాబట్టి మేం దిగేసరికి చేలో రెండాకుల మొలకలుండేవి. అవి తొక్కితే మాత్రం రైతు గట్టు మీంచే కేకేసేవాడు. ఆయన పేచీ అంతా మొలకతోనే, కంకి ఎంత ఏరుకున్నా పలికేవాడు కాదు. ఒడి నింపుకుని ఇంటికొచ్చి, కాళ్లతో నలిపి, చేటతో చెరిగితే మంచి రోజున కుంచెడు వడ్లు వచ్చేవి. అందులో ఒక దోసెడు అమ్మ చూడకుండా పుల్లైసు వాడి సంచిలో పోసేదాన్ని. (అమ్మకి తెలుసని తర్వాత తెలిసింది.) యానాదులైతే ఎలుక కన్నాలు తవ్వి, ఎలుక దాచుకున్న కంకులు కూడా తీసేవాళ్లు. పరిగె ఏరేవాళ్లని దొంగలనో, ముష్టివాళ్లనో మా ఊళ్లో ఎవరైనా అనగా నేను వినలేదు. ఏరని ఇంటి పిల్లల్నే బద్ధకస్తులనేవాళ్లు.

1977 నవంబరు 19 ఉప్పెన తర్వాతైతే ఇక పరిగె ఏమిటి, పంటనే నీళ్లలోంచి ఏరుకున్నాం. మొలకొచ్చిన వడ్లు ఎండబెట్టి దంచితే అన్నం ముక్క వాసనొచ్చేది. అదే తిన్నాం.

మీ బోయిన్‌పల్లి మార్కెట్ యార్డులోనే కూరగాయల చెత్తతో గ్యాసూ కరెంటూ చేసే ప్లాంటు పెట్టారు. హైదరాబాద్ ఐఐసీటీ (కేంద్ర ప్రభుత్వ రసాయన పరిశోధన సంస్థ) వాళ్ల టెక్నాలజీ. రోజుకి 10 టన్నుల చెత్త, 500 యూనిట్ల కరెంటు అని 2021 జనవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో కూడా చెప్పారు. నువ్వు ఏరని టమాటా అందులోకి పోతుంది, లేదా ఆవు నోట్లోకి. దాన్ని వెనక్కి తీసుకెళ్లేది రైతూ కాదు, కమీషన్ వ్యాపారీ కాదు. అందుకని తప్పు అనే మాట మర్చిపో.

కానీ అడిగి తీసుకో. "అన్నా, ఈ పక్కన పోసినవి తీసుకోనా?" అంటే చాలు. గుంటూరు బ్రాడీపేటలో ఇరవై రెండేళ్లు మెస్ నడిపినదాన్ని, ఈ మాట ఎంత పని చేస్తుందో నాకు తెలుసు. వారం అడిగితే ఎనిమిదో రోజు వాళ్లే ఓ క్రేటు పక్కన పెట్టి పిలుస్తారు. పది రూపాయలు చేతిలో పెట్టగలిగిన రోజు పెట్టు. ఇంకో సంగతి, అక్కడ రోజూ ఏరుకుని అమ్ముకునే ముసలమ్మలు ఉంటారు. వాళ్లు కూర్చున్న గుట్ట జోలికి వెళ్లకు.

ఇక తినడం. పగిలిన టమాటా ఆ రోజే చారులోకి పోవాలి. బూజు కనిపిస్తే కాయ మొత్తం పారెయ్, మెత్తటి కాయల్లో అది కంటికి కనిపించిన దగ్గరే ఆగదు. క్యారెట్, క్యాబేజీ లాంటి గట్టివైతే బూజు చుట్టూ అంగుళం లోతుగా కోసేసి మిగతాది వాడుకోవచ్చు. బంగాళాదుంప పచ్చబడితే వదిలెయ్, అందులోని విషం ఉడికించినా పోదు. బూజు పట్టిన పల్లీలు కడిగి, ఎండబెట్టి, వేయించి పచ్చడి నూరే మహాతల్లుల్ని చూశాను. ఆ బూజు వదిలే అఫ్లటాక్సిన్ వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు, లివర్‌ని దెబ్బ తీస్తుంది. పల్లీల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. మురుగు నీళ్లలో పడినవి ఏవైనా సరే ఇంటికి తేకు.

టమాటాలు బాగా దొరికిన రోజున గట్టివీ పగుళ్లు లేనివీ వేరుచేసి, కడిగి, గుడ్డతో తడి లేకుండా తుడిచి, నాలుగు ముక్కలు కోసి ఉప్పూ పసుపూ కలిపి జాడీలో వెయ్యి. మూడో రోజు ముక్కల్ని పిండి ఎండలో వెయ్యి, ఊరిన రసాన్నీ పళ్లెంలో పక్కనే పెట్టు. ముక్క చేత్తో వంచితే సాగాలి, విరక్కూడదు. అప్పుడు ఆ రసంలోనే చింతపండు నానేసి, కారం, ఆవమెంతి పిండి కలిపి రుబ్బి తాలింపు పెట్టుకుంటే ఏడాది పచ్చడి. పగిలిన కాయ ఒక్కటి దూరినా జాడీ మొత్తం పోతుంది. మా మెస్‌లో ఒకసారి పోయింది, పదిహేను కిలోలు. ఆ రోజు తొందరపడి కాయలు ఏరింది నేనే. క్యాబేజీ పైఆకులు ఉప్పు నీళ్లలో కడిగి పెసరపప్పులో వేస్తే బాగుంటాయి. కాలీఫ్లవర్ కాడలు పారేసేవాళ్లు చాలామంది, పీచు తీసి పులుసు పెట్టు.

అమ్మాయిని మార్కెట్‌కి తీసుకెళ్లి కష్టం విలువ నేర్పమనేవాళ్లు ఉంటారు. ఆ పని చెయ్యకు. పదమూడేళ్ల పిల్లకి క్లాస్‌మేట్ మాట చాలా పెద్దది. బడి గంట కొట్టాకే బయల్దేరు. ఓ ఆదివారం కాగితం మీద అద్దె, పెట్రోలు, ఫీజు, బియ్యం రాసి చూపించు, అంతే. మిగతాది ఆ పిల్లే కూడుకుంటుంది. మీ అత్తగారికి నైవేద్యానికి అరటిపండు కొనిచ్చెయ్, ఆరేడు రూపాయలతో తగువు తీరుతుంది. తీరిక చూసుకుని, చిన్నప్పుడు పరిగె ఏరారేమో అడిగి చూడు.

ప్రశ్న: మా తమ్ముడు కేటరింగ్‌లో పని చేస్తాడు. ఫంక్షన్ హాల్లో మిగిలిన బిర్యానీ రాత్రి ఒంటిగంటకి తెస్తాడు. పొద్దున వేడిచేసి పిల్లలకి పెట్టొచ్చా? వాసన బాగానే ఉంటుంది.
(ఓ పాఠకురాలు, వరంగల్)

జవాబు: వాసనని నమ్మకు తల్లీ. అన్నంలో పెరిగే ఒక రకం బాక్టీరియా విషం వదులుతుంది, మళ్లీ కాచినా అది పోదు, వాసనా రాదు. గిన్నె ఎన్నింటికి దించారో, అప్పట్నుంచీ వేడిగా మూత పెట్టి ఉందో లేదో తమ్ముణ్ని అడుగు. చల్లారి రెండు గంటలు దాటితే నేను ముట్టను. వేడిగా వస్తే నిద్రపోకుండా పళ్లేల్లో పల్చగా పరిచి, ఆవిరి తగ్గగానే ఫ్రిజ్‌లో పెట్టు. పెరుగన్నం, కోడిగుడ్డు, మయొనీజ్ మాత్రం అక్కడే వదిలేసి రమ్మను. అప్పడాలు, పూర్ణాలు, లడ్డూలు ఎన్నైనా తెచ్చుకోండి.

ప్రశ్న: ఎర్రగడ్డ ఆదివారం సంతలోనూ, జుమ్మేరాత్ బజార్లోనూ పాత సామాన్లు చవకని చెబుతున్నారు. ఫోన్, కుక్కర్, పరుపు కొనాలి. మోసపోతానేమో అని టెన్షన్.
(ఓ పాఠకుడు, మూసాపేట)

జవాబు: ఫోన్ అయితే డబ్బులిచ్చే ముందే స్టార్ హాష్ 06 హాష్ కొట్టండి, ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబరు వస్తుంది. కేవైఎం అని ఇంగ్లిషులో టైపు చేసి, ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కి మెసేజ్ పంపండి. పోయిందనో, దొంగిలించారనో బ్లాక్ చేయించిన ఫోనైతే తెలిసిపోతుంది. అమ్మేవాడు "ఎందుకు సార్ అదంతా" అన్నాడంటే జవాబు వచ్చేసినట్టే. కుక్కర్‌కి అడుగు ఉబ్బిందేమో, మూత అంచు వంకర పోయిందేమో చూసుకుని తీసుకోండి, గాస్కెట్టూ సేఫ్టీ వాల్వూ కొత్తవి వేయించాకే పొయ్యి మీద పెట్టండి. పరుపు ఊరికే ఇచ్చినా వద్దు. నల్లులు వస్తే మంచం కోళ్ల దగ్గర్నుంచి గోడ పగుళ్ల దాకా వేడినీళ్లు పోసుకుంటూ తిరగాలి. నేను మెస్‌లో రెండు వేసవులు తిరిగాను. గడ్డి చాప కొనుక్కోండి.