సూది సంగతి సరే, కుర్చీ దిగే ముందు కొరికి చూశారా?

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 54 ఏళ్లు. మాది నంద్యాల. మనవడిని చూసుకోవడానికి వచ్చి బెంగళూరు మారతహళ్లిలో అబ్బాయి దగ్గర ఉంటున్నాను. కింది దవడ పన్ను ఒకటి పుచ్చింది. చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటోంది. లవంగ నూనె పెట్టుకుని నెట్టుకొస్తున్నాను. ఇక్కడి డాక్టరు ఎక్స్-రే తీసి ఫిల్లింగ్ చాలన్నారు. నాకు సూదంటే భయం. బీపీ మాత్ర వాడుతున్నాను. పైగా మా ఆడపడుచు ఫిల్లింగ్ చేయించుకుని నెల రోజులు ఆ వైపు నమల్లేకపోయింది. కుర్చీలో అసలేం చేస్తారు?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: అమ్మా, సూదికంటే మీ ఆడపడుచే మిమ్మల్ని ఎక్కువ భయపెట్టినట్టుంది. ఆవిడ సంగతికి తప్పకుండా వస్తాను.

ఆ రోజు మామూలుగా టిఫిన్ తిని, బీపీ మాత్ర వేసుకునే వెళ్లండి. ఖాళీ కడుపుతో వచ్చి కళ్లు తిరిగి పడిపోయేవాళ్లను బెంగళూరులో నేను తరచూ చూస్తుంటాను. ఇంజక్షన్ కదా, ఏమీ తినకూడదని వాళ్లకు ఎవరు చెబుతారో తెలియదు. రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి. లవంగ నూనె మాత్రం ఇవాళే ఆపేయండి. చిగురు కాలుతుంది, పుచ్చు కాస్త కూడా తగ్గదు.

సూది విషయం. చాలామంది ముందు చిగురుకు జెల్ రాస్తారు, తర్వాత మందు నెమ్మదిగా ఎక్కిస్తారు. కింది దవడ పంటికి సూది బాగా వెనక పడుతుంది. నాలుగైదు నిమిషాల్లో ఆ వైపు పెదవి, నాలుక మొద్దుబారతాయి. మందులో అడ్రినలిన్ కలిసి ఉంటే ఒకటి రెండు నిమిషాలు గుండె దడదడలాడవచ్చు. దానికి కంగారు పడకండి. కానీ బీపీ ఉందని ముందే చెబితే ఎంత వాడాలో వాళ్లు చూసుకుంటారు. మొద్దుబారాక కూడా నొప్పి తెలిస్తే ఓర్చుకోకండి, ఎడమ చెయ్యి ఎత్తండి. ఇంకొంచెం మందు వేస్తారు. మారతహళ్లిలో తెలుగు తెలిసినవాళ్లు దొరకడం కష్టం కాదు గానీ, నోట్లో గొట్టం ఉన్నప్పుడు ఏ భాషా పనికిరాదు, చెయ్యే నయం.

ఆ తర్వాత పుచ్చు తొలిచే మిషన్ కూత. నిమిషానికి సుమారు 3 లక్షల సార్లు తిరుగుతుంది, అందుకే అంత చప్పుడు. పన్ను వేడెక్కకుండా పక్కనే నీళ్లు చిమ్ముతుంటాయి, గొట్టం వాటిని పీల్చేస్తుంటుంది. పుచ్చు తీశాక నీలం జెల్ రాసి కడుగుతారు, జిగురు పూస్తారు, పంటి రంగు మందును పొరలు పొరలుగా వేసి ఒక్కో పొరకూ నీలం లైటు పెడతారు. అక్కడికక్కడే గట్టిపడుతుంది. మొత్తం అరగంట నుంచి గంట. మీ వారికి పాత వెండి ఫిల్లింగ్ ఉంటే, అది గట్టిగా ఉన్నంత కాలం తీయించక్కర్లేదు. అందులో పాదరసం ఉంటుంది, దాని వాడకం తగ్గించాలని 2013లో దేశాల మధ్య మినమాటా ఒప్పందం జరిగాక కొత్తగా వేసేవాళ్లు తగ్గారంతే.

ఇప్పుడు మీ ఆడపడుచు. చివర్లో రంగు కాగితం పెట్టి "కొరకండి, అటూ ఇటూ నూరండి" అంటారు. ఎత్తుగా ఉన్నచోట కాగితం మరక పడుతుంది, అక్కడ అరగదీస్తారు. చిక్కేమిటంటే, అప్పటికి సగం నోరు మొద్దుబారి ఉంటుంది, మనిషి వెల్లకిలా పడుకుని ఉంటుంది. ఏ వైపు కొరుకుతున్నామో మనకే తెలియదు. "బాగుందా?" అంటే "ఆఁ బాగుంది" అని తలూపేసి ఇంటికి పోతాం. తిమ్మిరి వదిలాక, చెప్పులో చేరిన ఇసుక రేణువులా ఆ ఎత్తు ప్రతి ముద్దకూ తగులుతుంది. వెంట్రుకవాసి ఎత్తున్నా దవడ భారమంతా ఆ పంటి మీదే పడి, సలుపు పుడుతుంది. ఆవిడకు జరిగింది బహుశా ఇదే. అంతమాత్రానికి డాక్టరును ఏం విసిగిస్తాం అని మన ఆడవాళ్లు నెలలు మోస్తారు. ఆ ఎత్తు అరగదీయడం ఐదు నిమిషాల పని, సూది కూడా అక్కర్లేదు. మీరు కుర్చీలో నిటారుగా కూర్చుని మళ్లీ కొరికి చూస్తానని అడగండి. మర్నాడు ఎత్తనిపిస్తే వెళ్లిపోండి. ఆవిడనూ పంపండి.

తిమ్మిరి రెండు మూడు గంటలుంటుంది, కొందరికి ఇంకాసేపు. అది పూర్తిగా వదిలేదాకా కాఫీ వద్దు, కాలినా తెలియదు. నమలడమూ వద్దు, పెదవినే కొరుక్కుంటారు. వదిలాక మామూలుగా తినొచ్చు.

చల్లదనానికి కొన్నాళ్లు, రెండు మూడు వారాల దాకా కూడా జివ్వుమనడం మామూలే, రోజురోజుకూ తగ్గుతుంటే చాలు. అలా కాక వేడి తగిలిన పోటు ఎంతసేపటికీ ఆగకపోయినా, రాత్రి నిద్రలోంచి లేపినా, లోపలి నరం దెబ్బతిందేమో చూడాలి. అప్పుడు రూట్ కెనాల్ మాట వస్తుంది. అందుకే పని మొదలుపెట్టక ముందే ఎక్స్-రే చూపించమని, పుచ్చు నరానికి ఎంత దగ్గరగా వచ్చిందో అడగండి.