34 ఏళ్లకి కరాటే మొదలుపెడితే ఆలస్యమా?

ప్రశ్న: మాది ఒంగోలు, ఉద్యోగరీత్యా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా బాబుని కరాటే క్లాసులో దింపుతూ దింపుతూ 34 ఏళ్ల వయసులో నేనూ చేరానండీ. ఎన్నాళ్లైనా గాల్లో గుద్దులే, అదే కటా (వరసగా చేసే కదలికలు) మళ్లీ మళ్లీ. పక్కన పిల్లలు చకచకా చేసేస్తుంటే టెన్షన్‌గా ఉంది.
– ఓ పాఠకురాలు

జవాబు: ఆలస్యమేం కాలేదండీ. ఆ గాల్లో గుద్దులే అసలు చదువు. ఈసారి మీ రెండో చేతిని గమనించండి: ఒక చెయ్యి ముందుకెళ్తుంటే రెండోది అంతే వేగంగా నడుము పక్కకి వచ్చెయ్యాలి, నడుము తిరగాలి, భుజం పైకి లేవకూడదు, పిడికిలి చివర్లోనే బిగించి చూపుడువేలు, మధ్యవేలు కణుపులతో కొట్టాలి, మణికట్టు వంగిందంటే నొప్పి మీకే. ఇవన్నీ ఒకేసారి కుదరాలంటే టైం పడుతుంది కదా! షోటోకాన్ అనే కరాటే శైలిలో సాధారణంగా ముందు నేర్పే కటా హేయాన్ షోదాన్‌లో ఉన్నవి 21 కదలికలే, అయినా బ్లాక్ బెల్ట్ వాళ్లు కూడా దాన్ని వదలరు. పిల్లలకి తొందరగా గుర్తుంటుంది, నిజమే. మీరు ప్రతిదీ ఎందుకని అడిగి నేర్చుకోగలరు, అడగండి, మొహమాటపడొద్దు. ముందున్న కాలి మోకాలు మాత్రం లోపలికి వాలనివ్వకండి, నొప్పి వస్తే ఓర్చుకోకుండా వెంటనే మాస్టారికి చెప్పండి.