విజయోత్సవ ర్యాలీకి చిన్నపిల్లల్ని తీసుకెళ్లొచ్చా? బెజవాడలో ఎక్కడ నిలబడితే మేలు?

తీసుకెళ్లొచ్చండి. అయితే రోడ్డు పక్కకి మాత్రమే, స్టేడియం గేటు దగ్గరికి వద్దు. గన్నవరం ఎయిర్‌పోర్టులో దిగే క్రీడాకారుల్ని ఓపెన్ టాప్ బండి మీద బందరు రోడ్డులోని ఇందిరాగాంధీ స్టేడియం దాకా ఊరేగిస్తారు, నాలుగేళ్ల పాపకీ ఏడేళ్ల బాబుకీ ఎక్కడ నిలబడితే కనిపిస్తుంది అని అడిగారు. 2016 ఆగస్టులో రియో నుంచి రజతంతో వచ్చిన సింధుని కృష్ణా పుష్కరాల రద్దీలోనే గన్నవరం నుంచి ఇదే స్టేడియానికి తీసుకొచ్చారు. ఊరికి ఈ దారి కొత్త కాదు.

ముందు చోటు సంగతి. చాలామంది ఎక్కడ బాగా కనిపిస్తుందో చూసి నిలబడతారు. పిల్లలు వెంట ఉంటే వెనక్కి ఎటు పోవచ్చో చూసి నిలబడాలి. వీపు వెనక గోడ గానీ, మూసిన షట్టర్ గానీ ఉన్న చోటు పనికిరాదు. రెండడుగులు వెనక్కి వేస్తే లోపలి వీధిలోకి జారుకోగలిగే సందు మొగ కావాలి. 2025 జూన్ 4న బెంగళూరులో 11 మంది చనిపోయింది చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర తొక్కిసలాటలో. గేటు దగ్గర వచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు, ముందున్నవాళ్లకి పోయే దారి ఉండదు, లోపల చోటు లేదన్న సంగతి వెనకున్నవాళ్లకి తెలియదు. రోడ్డు మీద బండి కదిలిపోతుంది, దాంతో జనమూ పలచబడతారు. అందుకే ఊరేగింపు రెండు కొసలూ, అంటే ఎయిర్‌పోర్టు గేటు, స్టేడియం గేటు, పిల్లలతో వద్దే వద్దు.

బెంజ్ సర్కిల్ కూడా వదిలేయండి. బందరు రోడ్డులోకి తిరగాలంటే కాన్వాయ్ ఫ్లైఓవర్ ఎక్కకుండా కింది రోడ్డున రావాలి. ఆ మలుపులో బైకులు, జనం, మీడియా బండ్లు అన్నీ ఒకేసారి ఇరుక్కుంటాయి. ఫ్లైఓవర్ మీద ఆగి చూద్దామనే వాళ్లుంటారు, అది హైవే, పిల్లల్ని అక్కడ దింపకండి. బెంజ్ సర్కిల్ దాటాక బందరు రోడ్డులో, స్టేడియానికి కనీసం అర కిలోమీటరు ఇవతల, ఒక వీధి మొగ చూసుకోండి. స్టేడియం వైపు వచ్చే బండ్లు సహజంగా ఎడమ రోడ్డున వస్తాయి. ఆ వైపు నిలబడి బెంజ్ సర్కిల్ వైపు చూస్తుంటే సాయంత్రపు ఎండ వీపు మీదే పడుతుంది, పిల్లల కళ్లలో పడదు. డివైడర్ ఎక్కడం మాత్రం వద్దు. రెండు పక్కలా జనం నిండాక అక్కడి నుంచి దిగే దారి ఉండదు.

గజమాల క్రేన్ ఎక్కడ పెట్టారో ముందే కనుక్కోండి. క్రేన్ ఉన్న చోట బండి ఆగుతుంది కాబట్టి బాగా కనిపిస్తుందనుకుంటాం, కానీ ఫొటోల కోసం తోపులాటంతా అక్కడే. దానికి ఓ 100, 150 మీటర్ల ముందు నిలబడితే, అవతల బండి ఆగబోతుంది కాబట్టి మీ ముందు నత్తనడకన పోతుంది. కుర్రాళ్లంతా క్రేన్ దగ్గరికి పరిగెత్తుతారు, మీ దగ్గర ఖాళీ ఉంటుంది.

నిలబడిన చోట కాళ్ల కింద కూడా చూడండి. సైడు కాలువ మీది పలకలు విరిగి గానీ, లేచి గానీ ఉంటాయి. జనం నిండాక అవి కనపడవు, పిల్లల కాలు సరిగ్గా ఆ సందులోనే పడుతుంది. ఫ్లెక్సీ ఫ్రేములకి ఆనుకోవద్దు, వాటిని కట్టేది రెండు తాళ్లతోనే. ట్రాన్స్‌ఫార్మర్ గద్దె పక్కన అసలు వద్దు. పేపర్ బ్లాస్టర్ల నుంచి ఎగిరే మెరుపు కాగితాలు తీగల మీద పడితే నిప్పురవ్వలు రాలొచ్చు.

చెప్పిన టైముకి రారు, అది ఖాయం. 2024 జులై 4న ముంబైలో టీ20 ప్రపంచకప్ ఊరేగింపు సాయంత్రం 5 గంటలకన్నారు, మొదలయ్యేసరికి 7 దాటింది. నాలుగేళ్ల పిల్ల ఒకే చోట నిలబడేది ఎక్కువలో ఎక్కువ అరగంట. కాబట్టి ప్రకటించిన టైము చూసి కాకుండా టీవీలో లైవ్ చూస్తూ బయలుదేరండి. దగ్గర్లో చుట్టాల ఇల్లుంటే కాన్వాయ్ రామవరప్పాడు రింగు దాకా వచ్చే వరకూ అక్కడే కూర్చోండి. లేకపోతే లోపలి వీధిలో ఏ టిఫిన్ సెంటర్లోనో ఆగండి. బాత్రూం పని కూడా అక్కడే కానిచ్చేయండి, జనం పెరిగాక మెయిన్ రోడ్డు మీది షాపులు షట్టర్లు దించేస్తాయి.

వచ్చే వరస తెలిస్తే పిల్లల్ని ఊరికే ఎత్తుకుని చేతులు నొప్పి పుట్టించుకోనక్కర్లేదు. మామూలుగా పోలీసు పైలట్ బండ్లు, తర్వాత జెండాలతో బైకులు, తర్వాత డీజే బండి, డప్పులు. ఆ తర్వాత వెనక్కి తిరిగి కెమెరాలు పట్టుకున్నవాళ్లతో ఓ మీడియా బండి వస్తుంది. ఆ కెమెరాలు చూసే వైపే అసలు బండి ఉంటుంది. అప్పుడు ఎత్తుకోండి. భుజాల మీద కూర్చోబెడితే రెండు కాళ్లూ రెండు చేతులతో పట్టుకోవాలి. అంటే వీడియో తీసేది రెండో మనిషి. ఇద్దరు పిల్లలకి ఇద్దరు పెద్దవాళ్లు తప్పనిసరి. ఒక్కరే అయితే ఈసారికి టీవీలో చూపించండి.

డీజే, టపాకాయల మోత తేలిగ్గా తీసుకోకండి. మన దేశంలో టపాకాయకి అనుమతించిన గరిష్ఠ శబ్దమే 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్, వాలా అయితే మీ కాళ్ల ముందే పేలుతుంది. చెవుల మీద కప్పులా కూర్చునే ఇయర్ మఫ్‌లు కొనండి. నాలుగేళ్ల పాపకి చెవిలో పెట్టే స్పాంజి ముక్కలు వద్దు, తీసి నోట్లో పెట్టుకుంటే గొంతుకి అడ్డం పడతాయి. డీజే బండి వచ్చినప్పుడు సందులోకి పది అడుగులు వెనక్కి వెళ్లి, అది పోయాక ముందుకు రండి. ఆయాసం ఉన్న పిల్లలైతే రంగుల పొగ గొట్టాలు కనపడగానే వెనక్కి వచ్చేయాలి.

బట్టలు నూలువి, కాళ్ల నిండా ప్యాంటు, పట్టీ ఉన్న బూట్లు. హవాయి చెప్పులు వేస్తే ఒకటి అక్కడే పోతుంది, దానికోసం పిల్ల వంగుతుంది, వంగడమే అసలు ప్రమాదం. స్ట్రోలర్ ఇంట్లో పెట్టేయండి. పేరు చొక్కా మీద కనపడేలా రాయకండి, ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే పిల్లలు నమ్మేస్తారు. మీ ఫోన్ నంబరు మాత్రం ముంజేతి లోపలి వైపు బాల్ పెన్నుతో రాసి, చెమటకి చెరగకుండా పైన సెల్లోటేపు అంటించండి. జనంలో నెట్‌వర్కు పనిచేయకపోవచ్చు, కాబట్టి తప్పిపోతే కలిసే చోటు ముందే అనుకుని ఏడేళ్ల వాడికి వేలు పెట్టి చూపించండి: "ఆ మందుల షాపు మెట్లు" అన్నట్టు, కదలని గుర్తు కావాలి. పిల్ల కనపడకపోతే వెతుకుతూ కాలం పోగొట్టకుండా దగ్గరున్న పోలీసుకి చెప్పి, 112కి గానీ పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ ఫోన్ చేయండి.

ఎప్పుడు వచ్చేయాలో ఇలా తెలుస్తుంది: మీ చేతులు పైకెత్తడం కష్టమైనా, మీరు అడుగు వేయకుండానే జనంతోపాటు ఊగుతున్నా, ఇంకో నిమిషం ఆగొద్దు. ఎదురుగా తోసుకుంటూ పోకండి, పక్కకి ఏటవాలుగా కదులుతూ సందు వైపు రండి.

బండి దాటగానే కూడా కదలొద్దు. వెనక ఆలస్యమైన బైకులు హారన్లు కొట్టుకుంటూ వేగంగా వస్తాయి. ఓ ఇరవై నిమిషాలు సందులోనే ఆగి అరటిపండో జంతికలో పెట్టండి. ఆ తర్వాత రోడ్డు మీద పేలని టపాకాయలు పడి ఉంటాయి, పిల్లల చెయ్యి సరిగ్గా వాటిమీదకే పోతుంది. రిబ్బన్లు ఏరుకుంటానన్నా చెయ్యి వదలొద్దు.

మీ బండి ఎక్కడ పెట్టాలంటే, ర్యాలీ రోడ్డు దాటకుండా ఇంటికి పోగలిగే వైపు. మొగల్రాజపురం, సూర్యారావుపేట వాళ్లు తమ వైపే నిలబడితే ఊరేగింపు బండి కొంచెం దూరంగా కనిపించినా తిరుగు ప్రయాణం సుఖం. కృష్ణలంక, పటమటలంక వాళ్లకి రెండూ కలిసొస్తాయి. గుంటూరు నుంచి వచ్చేవాళ్లు కారు తేకుండా రైల్లో రావడమే నయం, ఆ సాయంత్రం వారధి నుంచి బెంజ్ సర్కిల్ దాకా హైవే స్తంభించడం మామూలే.