లాక్టేట్ మొదట 3.4, తర్వాత 1.8: ఏది నమ్మాలి?

ప్రశ్న: జ్వరం, ఆయాసంతో మా నాన్నగారిని ఆసుపత్రిలో చేర్చాం. రక్తంలో లాక్టేట్ 3.4 అని రాగానే డాక్టరుగారు మళ్ళీ రక్తం తీయించారు. రెండు గంటల తర్వాత 1.8 వచ్చింది. మొదటిది ల్యాబ్ వాళ్ళ పొరపాటేనా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, లాక్టేట్ అంటే ఆక్సిజన్ చాలనప్పుడు కణాల్లో గ్లూకోజు నుంచి ఎక్కువగా పుట్టే పదార్థం. ల్యాబ్‌ను అనుమానించే ముందు రక్తం ఎలా తీశారో అడగండి. బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో పనిచేసినదాన్ని కనుక గట్టిగా చెబుతున్నాను, లాక్టేట్ పరీక్ష చాలాసార్లు చెడిపోయేది మంచం దగ్గరే. నరం దొరకలేదని చేతికి పట్టీ బిగించి అలాగే ఉంచినా, పిడికిలి పదేపదే మూసి తెరిపించినా ఆ చేతి కండరాల్లోనే లాక్టేట్ పుడుతుంది. లాక్టేట్ కలిసిన సెలైన్ (రింగర్ లాక్టేట్) ఎక్కుతున్న చేతినుంచే తీస్తే ఇక చెప్పనక్కర్లేదు.

తీశాక కూడా రక్తం ఊరుకోదు. ఎర్ర రక్తకణాల్లో మైటోకాండ్రియా, అంటే ఆక్సిజన్‌తో శక్తిని తయారుచేసే భాగాలు, ఉండవు. గ్లూకోజును లాక్టేట్‌గా మార్చుకునే అవి బతుకుతాయి, ట్యూబులోనూ ఆ పని మానవు. అందుకే బూడిదరంగు మూత ట్యూబు వాడతాం. అందులోని సోడియం ఫ్లోరైడ్ ఆ మార్పుకు అవసరమైన ఎనొలేజ్ ఎంజైమును అడ్డుకుంటుంది, పొటాషియం ఆక్సలేట్ రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. దాన్ని ఐసులో పెట్టి వెంటనే పంపాలి. పావుగంటలో సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, కణాలు లేని ద్రవభాగాన్ని (ప్లాస్మా) వేరుచేయాలి. వార్డు బల్ల మీద మరిచిపోయిన ట్యూబు అంకెను నేనైతే నమ్మను. ఆ తర్వాతిది యంత్రం పని: లాక్టేట్ ఆక్సిడేజ్ ఎంజైము లాక్టేట్‌ను పైరువేట్‌గా మారుస్తుంది, అప్పుడు పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్ వల్ల రంగు వస్తుంది, ఆ రంగు చిక్కదనాన్ని బట్టి అంకె.

అయితే మీ రెండు రిపోర్టులూ నిజమే కావచ్చు. ఆక్సిజన్, సెలైన్ అంది రక్తప్రసరణ మెరుగుపడితే కాలేయం లాక్టేట్‌ను తొలగిస్తుంది, అంకె దిగుతుంది. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే ప్రమాదకర స్థితి) అనుమానం ఉన్నప్పుడు 2 దాటితే కొన్ని గంటల్లో మళ్ళీ చూడాలి, కనుక మీ డాక్టరుగారు చేసింది సరైన పనే. 1.8 మామూలు పరిధిలోనే ఉంది, కానీ ఆ ఒక్క అంకె చూసి నాన్నగారిని ఇంటికి తీసుకెళ్లకండి. ఆయాసం తగ్గిందో లేదో డాక్టరుగారినే చూడనివ్వండి.

ఇంకొకటి, వేరే ల్యాబ్ రిపోర్టులో 16 అని కనబడితే బెంబేలెత్తకండి. మీ రిపోర్టు లీటరుకు మిల్లీమోల్‌లలో ఉంది. ఆ 16 డెసిలీటరుకు మిల్లీగ్రాముల లెక్క కావచ్చు, 9తో భాగించి చూడండి.