బిల్లు లేకపోయినా కేసు ఉంది, గడువు మాత్రం మూడు నెలలే

ప్రశ్న: నా కారుకు పదిహేనేళ్లు. హెడ్‌లైట్ల అద్దాలు పసుపెక్కడంతో 21 నెలల కిందట విడిభాగాల షాపులో వేరే కంపెనీ జత కొని బిగించాను. మా కారుకు సరిగ్గా సరిపోతాయని షాపతను వాట్సాప్‌లో ఫొటోతో సహా చెప్పాడు. డబ్బు యూపీఐలో కట్టాను, బిల్లు తీసుకోలేదు. మొదటి రాత్రి నుంచీ ఎదురొచ్చేవాళ్లు కళ్లలో పడుతోందని తిడుతున్నారు. నాన్నగారిని ఆసుపత్రికి తీసుకెళ్తుంటే నడిరోడ్డుపై గొడవైంది. షాపతను ‘వచ్చే వారం చూద్దాం’ అంటూ తిప్పుతున్నాడు. బిల్లు లేకుండా కేసు నిలవదని, పాత తేదీతో ఒకటి రాయిస్తానని మెకానిక్ అంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: రోడ్డు మీద గొడవ గురించి మీరు రెండు పేజీలు రాశారు. హెడ్‌లైట్ అద్దం మీద ఏం ముద్రించి ఉందో మాత్రం రాయలేదు. మీ కేసు తేలేది అక్కడే. వెళ్లి లైటుకు ఎదురుగా నిలబడి చూడండి. వలయంలో ‘ఈ’ అనే ఇంగ్లిష్ అక్షరం, పక్కన అంకె ఉంటే అది అంతర్జాతీయ ఆమోద గుర్తు. ఆ గుర్తున్న లైటు మనలా ఎడమవైపు నడిచే దేశాలకు చేసినదైతే, మీ కుడిచేతి వైపు చూపే బాణం ఉంటుంది. రెండు వైపులా బాణం ఉంటే రెండు రకాల రోడ్లకూ మార్చుకోవచ్చు. గుర్తు ఉండి బాణం లేదంటే అది కుడివైపు నడిచే దేశాల లైటు. చీకట్లో గోడకు ఎదురుగా కారు నిలిపి డిమ్ వేయండి. వెలుగు అంచు ఎడమవైపు పైకి లేవాలి. కుడివైపు లేస్తే అది నేరుగా ఎదుటివాడి కళ్లలోకే పోతోంది. రెండు వైపులా మార్చుకునే లైటు కాకపోతే అది బిగింపులో పొరపాటు కాదు, వస్తువే తప్పు. అసలు ఏ ఆమోద గుర్తూ లేకపోతే అది కూడా మీకు పనికొచ్చే ఆధారమే.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం (ఫిర్యాదుకు దారితీసిన విషయం) పుట్టిన రెండేళ్లలోగా ఫిర్యాదు వేయాలి. లోపం మొదటి రాత్రే తెలిసిందని మీరే అంటున్నారు కాబట్టి అప్పటి నుంచే లెక్కపెట్టుకోండి. షాపతను ‘చూద్దాం’ అన్నంత మాత్రాన గడియారం ఆగదు. లీగల్ నోటీసు ఇచ్చినా ఆగదు. ఇరవై ఒక్క నెలలు మాటలు నమ్మి కూర్చోవడం మీ తప్పే. ఆలస్యానికి తగిన కారణం చూపితే ఫిర్యాదు వినే వినియోగదారుల కమిషన్ మన్నించే వీలుంది, కానీ దాన్ని నమ్ముకోవద్దు.

మెకానిక్ చెప్పిన బిల్లు జోలికి అస్సలు పోకండి. దొంగ పత్రం తయారు చేయడం, దాన్ని నిజమైనదని వాడడం భారతీయ న్యాయ సంహిత కింద నేరాలు. పైగా అది మీకే నష్టం. బిల్లు ఇవ్వకపోవడాన్ని వినియోగదారుల రక్షణ చట్టంలోని సెక్షన్ 2(47) అనుచిత వాణిజ్య పద్ధతిగా చెబుతోంది. అంటే బిల్లు లేదన్న లోటు షాపువాడి మెడకే చుట్టుకోవాలి. మీరు దొంగ బిల్లు పెడితే అతను తప్పించుకుంటాడు, మీరు ఇరుక్కుంటారు.

మీ దగ్గరున్నవి చాలు. యూపీఐ లావాదేవీ వివరాలు, బ్యాంకు స్టేట్‌మెంట్, ‘మీ కారుకు సరిపోతాయి’ అన్న ఆ మెసేజ్ తీసి పెట్టుకోండి. స్క్రీన్‌షాట్లతో సరిపెట్టి ఫోన్ అమ్మేయకండి. చాట్ అందులోనే ఉండాలి, భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ ఆధారానికి ఇచ్చే ధ్రువపత్రం జతచేయాలి. లైట్లు విప్పకముందే గోడ మీద వెలుగును నంబర్ ప్లేటు కూడా కనిపించేలా వీడియో తీయండి. అద్దం మీది గుర్తులను దగ్గరగా ఫొటో తీయండి. వాటిలో ఎల్‌ఈడీ బల్బు పెట్టి సర్దుదామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. హాలోజెన్ బల్బు కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో అది వెలుగును ఇంకా చెదరగొడుతుంది, మీ ఆధారమూ చెడుతుంది.

రాత్రిళ్లు వీటితో కారు తీయకండి. ఆమోద గుర్తు, సరైన బాణం చూసుకుని, మీ మోడల్‌కు తగిన జత బిల్లుతో కొని బిగించుకోండి. పాతవి ప్యాక్ చేసి దాచండి. అవసరమైతే కమిషన్ వాటిని సెక్షన్ 38 కింద ల్యాబ్ పరీక్షకు పంపుతుంది. షాపుకు 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. స్పందన లేకపోతే మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. డబ్బు వాపసు, కొత్త జతకైన ఖర్చు, మానసిక వేదనకు పరిహారం అడగండి. నాన్నగారి సంగతి ఫిర్యాదులో మానసిక వేదన గురించిన పేరాలో రాయండి, ఆ రోజు ఆసుపత్రి చీటీ జతచేసి.