"గ్లాసెడు"కు ముందు "ఒక" కావాలా?

సందేహం: ఐదో తరగతి పిల్లలకు ద్రవాల కొలతలు చెబుతున్నాను. బోర్డు మీద "ఒక గ్లాసెడు నీళ్ళు" అని రాస్తే తోటి మాస్టారు "ఒక" కొట్టేశారు. పిల్లలేమో "నాలుగు గ్లాసెడు నీళ్ళు ఒక లీటరు" అని రాస్తున్నారు. ఏది ఒప్పు? – ఒక ఉపాధ్యాయిని, కావలి

సమాధానం: అమ్మా, పిల్లలది తప్పే. మాస్టారిది ముప్పాతిక ఒప్పు.

"ఎడు" అంటే ఆ పాత్ర నిండా, ఒక్కసారికి పట్టేటంత. "ఒకటి" ఆ మాటలోనే ఉంది. వేమనను చూడండి: "గంగిగోవు పాలు గరిటెడైనను చాలు, కడివెడైన నేమి ఖరము పాలు." మూడో పాదంలో కూడు "పట్టెడు". గరిటె, కడవ, అరచెయ్యి – ఒక్క పద్యంలో మూడు కొలతలు, ఎక్కడా "ఒక" లేదు. పైగా చిన్న కొలతకు "చాలు", పెద్ద కొలతకు "ఏమి"!

సంఖ్య వచ్చిందా, "ఎడు" తప్పుకుంటుంది: నాలుగు గ్లాసుల నీళ్ళు. ధాన్యం కొలిచే పాత కొలత తూముకైతే పెద్దలు విడి మాటలే కట్టుకున్నారు. రెండు తూములు ఇద్దుము, అయిదు ఏదుము, పది పందుము, ఇరవై పుట్టెడు. ఏదుము అనగానే పుట్టిలో పావు, పందుము అనగానే సగం. భాగహారం నోట్లోనే అయిపోయేది. పుట్టెడు దుఃఖమంటే ఇరవై తూముల దుఃఖమన్నమాట. నెల్లూరులో వడ్ల ధర ఇప్పటికీ పుట్టి లెక్కనే చెబుతారు గానీ ఆ పుట్టి 850 కిలోల తూకం. దాన్ని లీటర్లలోకి మార్చబోకండి. (పుట్టి అంటే ఏరు దాటే గుండ్రటి తెప్ప కూడా.)

సోలెడు, తవ్వెడు, మానెడు, కుంచెడు అంటాం, "లీటరెడు" అనం. సోల కొలతా, పాత్రా కూడా. లీటరు మనకు కొలతగానే వచ్చింది. అందుకే గ్లాసెడును లీటర్లలోకి మార్చేముందు ఆ గ్లాసు ఎంత పడుతుందో కొలిపించండి. 250 మి.లీ. అయితేనే లీటరుకు నాలుగు, 200 అయితే ఐదు. స్టీలు గ్లాసు అంచుదాకా పోస్తే ఒక లెక్క, తాగడానికి పోస్తే ఇంకో లెక్క.

2 లీ. 50 మి.లీ.ను పిల్లలు 250 మి.లీ. అని రాసేస్తారు. మి.లీ.కు మూడు గళ్ళు గీయించండి: 2, 050. అంటే 2050. తీసివేతలో రూపాయి–పైసల అలవాటు కొద్దీ వంద అప్పు తెస్తారు. 3 లీ. 200 నుంచి 1 లీ. 250 తీస్తే 1 లీ. 50 అని వేస్తారు. తేవలసింది వెయ్యి, జవాబు 1 లీ. 950.

మాస్టారికి పావు ఎందుకు తగ్గించానంటే, "ఓ గ్లాసెడు మజ్జిగ పొయ్యమ్మా" అన్నప్పుడు ఆ "ఓ" సంఖ్య కాదు, ఉజ్జాయింపు. నోటిమాటలో దాన్ని ఉండనియ్యవచ్చు, లెక్కలో వద్దనే అనిపిస్తుంది. "ఫుల్ గ్లాసెడు", "ఒక గ్లాసు యొక్క నీరు" అని రాసేవాళ్ళతో పోలిస్తే మీరు చాలా నయం.