ఆరో నెలా, ఐదు నెలలా?

సందేహం: స్కానింగ్ రిపోర్టులో 22 వారాలని రాశారు. మా అత్తగారు "ఆరో నెల" అంటున్నారు, మావారు "ఐదు నెలలు" అంటున్నారు. ఎవరి తెలుగు సరైనది?
– ఒక పాఠకురాలు

సమాధానం: ఇద్దరిదీ సరైనదే తల్లీ. 22 వారాలంటే 154 రోజులు. ఐదు నెలలు నిండాయి, ఆరోది నడుస్తోంది. మీవారు నిండినవి లెక్కపెట్టారు, అత్తగారు నడుస్తున్నది చెప్పారు. తగువు ఇంతటితో సరి. కానీ 'నెల' అన్న మాట కంటబడ్డాక నేను ఊరుకోలేను.

నెల అంటే చందమామ. తమిళుల 'నిలా' ఇదే. అమావాస్య నుంచి అమావాస్యకి ఇరవై తొమ్మిదిన్నర రోజులు. ఆ కాలానికీ చంద్రుడి పేరే పెట్టుకున్నాం. సంస్కృతంలో మాసం వెనకా చంద్రుడే ఉన్నాడు, 'చంద్రమస్సు'లో చూడండి. తమిళంలో 'తింగళ్' అన్నా చంద్రుడూ నెలా రెండూను. మనం 'నెల'ని విడిగా చంద్రుడన్న అర్థంలో వాడటం మానేశాం గాని వెన్నెల, నెలవంక, నెలపొడుపు దాన్ని దాచిపెట్టుకున్నాయి. ఇక 'నిండు' ఉంది. చందమామా నిండుతుంది, నెలలూ నిండుతాయి. నిండుచూలాలు అనగానే నాకు పున్నమి గుర్తొస్తుంది. ఇది వ్యుత్పత్తి కాదు, నా ముచ్చట. ఇంత చక్కని మాటలుండగా "ఆరు మాసాల గర్భాన్ని కలిగి ఉంది" అని రాస్తున్నారు! ఇల్లూ పొలమూ కలిగి ఉన్నట్టు.

చూలు అంటే గర్భం, చూలి అంటే గర్భిణి, బిడ్డ కూడా. హనుమంతుడు గాలిచూలి.

మీ ఇంటి తగువు పాతదే. మనం నవమాసాలు మోసిందంటాం, ఋగ్వేదం ఐదో మండలంలో ఒక సూక్తం పది మాసాలు తల్లి కడుపులో పడుకున్న బిడ్డ అంటుంది. డాక్టర్ల 280 రోజుల్ని చంద్రుడి నెలలతో భాగించండి: తొమ్మిదిన్నర. తొమ్మిది నిండాయి, పదోది నడుస్తోంది. అక్కడా ఇద్దరిదీ ఒప్పే.

ఒక్కటి గుర్తుంచుకోండి. ఆ 280 చివరి నెలసరి మొదటి రోజు నుంచి మొదలవుతాయి. కాబట్టి కడుపులో బిడ్డ వయసు రిపోర్టులో ఉన్నదానికంటే సుమారు రెండు వారాలు తక్కువ. నెల తప్పిందని తెలిసేసరికే లెక్కలో నాలుగు వారాలు అయిపోయి ఉంటాయి.

మరి "ఐదు నెలల గర్భిణి" అంటే? ఐదు నిండాయనే నేను అర్థం చేసుకుంటాను. ఐదోది నడుస్తున్నా అలాగే అనేవాళ్లు చాలామంది, తప్పని కొట్టెయ్యలేను. అనుమానం ఉన్నచోట 'నిండాయి' అనో 'పడింది' అనో ఒక్క క్రియ చేర్చండి. డాక్టరు దగ్గర మాత్రం వారాలే చెప్పండి. అక్కడా 22 వారాలంటే నిండినవే, ఇరవై మూడోది నడుస్తున్నట్టు.